వేళ తప్పనివ్వని గొలుసు

రుషికొండ ఒడ్డున పెద్దవల లాగడం మీరెప్పుడైనా చూశారా? వల రెండు కొసలకూ రెండు పొడవాటి తాళ్లుంటాయి. తీరాన ఎడంగా రెండు జట్లు నిలబడి ఆ తాళ్లను లాగుతాయి. ఒకడు పాట అందుకుంటాడు, మిగిలినవాళ్లు ఆ ఊపుకు అడుగు వేస్తారు. రెండు జట్లూ కలిసి లాగితేనే వల తిన్నగా ఒడ్డుకు వస్తుంది. ఒక జట్టు వెనకబడిందా, వల ఒక పక్కకు వాలిపోతుంది, చేపలు సందు చూసుకుని జారుకుంటాయి. బలం ఒక్కటే చాలదు, వేళ కూడా కలవాలి.

ఇటువంటి పనే మోటారు ఇంజనులోనూ ప్రతి క్షణం జరుగుతుంటుంది. అక్కడ వేళ కలిపేది మనిషి కాదు. చాలా ఇంజనులలో ఆ పని చేసేది మన సైకిలు గొలుసుకు దగ్గర చుట్టమైన ఒక చిన్న ఉక్కు గొలుసు. దాన్ని మెకానిక్కులు ‘టైమింగ్ చైను’ అంటారు. ఇంజను తెరిస్తే తప్ప కనిపించదు. బాగున్నంతకాలం దాని ఊసే ఎవరూ ఎత్తరు. అరిగినప్పుడు మాత్రం అది పలుకుతుంది. ఆ పలుకు అర్థం చేసుకోలేకపోతే ఒక కుటుంబం బతుకుతెరువే కొన్ని నెలలు ఆగిపోవచ్చు.

పొద్దుటి మోత

మా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడున్నాడు. వాళ్ల నాన్న చిన్న ట్రక్కు నడుపుతాడు. 2005లో టాటా వారి ఏస్ వచ్చిన తరవాత మన ఊళ్లలో ఇటువంటి చిన్న ట్రక్కుల వాడకం బాగా పెరిగింది. ఇప్పుడు ఎన్నో కంపెనీలవి తిరుగుతున్నాయి. ఆయన తెల్లవారుజామున విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు పోయి, ఐసు వేసిన చేపల పెట్టెలు ఎక్కించుకుని, రుషికొండ, మధురవాడ వైపు దింపి వస్తాడు. బండి అప్పుమీద కొన్నది. నెలనెలా వాయిదా కట్టాలి.

ఒకరోజు పాఠం అయిపోయాక ఆ కుర్రవాడు లేచి, “మాస్టారూ, మా బండి పొద్దున్నే స్టార్టు చేస్తే ముందుపక్క గలగలమంటాది. నాలుగైదు సెకన్లయ్యాక ఆగిపోతాది. వేడెక్కితే ఎందుకు ఆగుతాది?” అని అడిగాడు.

మంచి ప్రశ్న. నాలుగైదు సెకన్లలో ఇంజను ఏమంత వేడెక్కదు. కనుక మోత ఆగడానికి కారణం వేడి కాకపోవచ్చు. మరేమిటి? ఆ ఆదివారం నేనూ, ఆ కుర్రవాడూ, మరో ఇద్దరు పిల్లలూ మెకానిక్కు షెడ్డుకు వెళ్లాం. అక్కడ చూసినదే మీకు చెప్పబోతున్నాను. అయితే ముందుగా ఇంజను లోపలికి ఒకసారి తొంగిచూద్దాం.

నాలుగు పనులు, రెండు చుట్లు

ఇంజనులో సిలిండరు ఉంటుంది. అందులో పిస్టను పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చేది క్రాంకు షాఫ్టు. బావి గిలక దగ్గర చేతిపిడి తిప్పినట్టు అనుకోండి.

పిస్టను వరసగా నాలుగు పనులు చేస్తుంది. మొదట కిందికి దిగుతూ గాలిని పీల్చుకుంటుంది. రెండోసారి పైకి వస్తూ ఆ గాలిని నొక్కుతుంది. డీజిలు ఇంజనులో గాలి ఎంతగా నొక్కుకుంటుందంటే, సుమారు పదహారు నుంచి ఇరవైరెండు వంతులలో ఒక వంతు చోటులోకి కుదించుకుపోతుంది. అంత నొక్కితే గాలి బాగా వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం వేడెక్కడం మీకు తెలుసు గదా! ఆ వేడిలోకి డీజిలు చిమ్మగానే అంటుకుంటుంది. ఆ పేలుడుకు పిస్టను మూడోసారి కిందికి తోసుకుపోతుంది. బండిని నడిపే శక్తి ఇదే. నాలుగోసారి పైకి వస్తూ పొగను బయటికి నెట్టేస్తుంది.

నాలుగు కదలికలు అంటే క్రాంకు షాఫ్టు రెండు పూర్తి చుట్లు తిరిగిందన్నమాట. ఇది గుర్తుంచుకోండి.

గాలి లోపలికి రావడానికి ఒక తలుపు, పొగ బయటికి పోవడానికి ఒక తలుపు కావాలి. వీటినే కవాటాలు అంటాం, షెడ్డులో ‘వాల్వులు’ అంటారు. రూపంలో అవి పొడుగుకాడ ఉన్న పుట్టగొడుగుల్లా ఉంటాయి. వీటిని తెరిచేది క్యాం షాఫ్టు. ఒక ఉక్కు కడ్డీమీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తు భాగాలుంటాయి. కడ్డీ తిరిగేటప్పుడు ఆ ఉబ్బు వాల్వును కిందికి నొక్కి తెరుస్తుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది.

పిస్టను నాలుగు పనులు చేసేలోగా ఒక్కొక్క వాల్వు ఒక్కసారే తెరుచుకోవాలి. అంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాం ఒక్క చుట్టే తిరగాలి. దీన్ని సాధించడం ఎలా? లెక్క చాలా సులువు. క్రాంకు కొసన 20 పళ్ల చక్రం పెట్టి, క్యాం కొసన 40 పళ్ల చక్రం పెట్టి, రెండిటికీ ఒక గొలుసు తగిలిస్తే సరి. ఆ గొలుసే మన టైమింగ్ చైను. పళ్ల సంఖ్య ఇంజనును బట్టి మారుతుంది. కాని పెద్దది చిన్నదానికి రెట్టింపు కావడం మాత్రం మారదు.

కొన్ని ఇంజనులలో గొలుసుకు బదులు పళ్లున్న రబ్బరు బెల్టు ఉంటుంది. పెద్ద లారీ ఇంజనులలో ఎక్కువగా గేరు చక్రాలే ఒకదానినొకటి తిప్పుతాయి. పద్ధతి ఏదైనా పని ఒకటే.

ఒక్క పన్ను జారితే?

ఇక్కడే ప్రమాదం ఉంది. పొగ నెట్టే పని ముగిసి, గాలి పీల్చే పని మొదలయ్యే క్షణంలో పిస్టను సిలిండరు పైకొసన ఉంటుంది. ఆ క్షణంలో పొగ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోదు, గాలి వాల్వు అప్పుడే కొద్దిగా తెరుచుకుంటుంది. రెండు వాల్వుల తలలూ కిందికి దిగి ఉంటాయి, పిస్టను వాటి దగ్గరిదాకా వచ్చి వెనక్కు తిరుగుతుంది. డీజిలు ఇంజనులో గాలిని అంతగా నొక్కాలి కనుక పైన వదిలే చోటు చాలా తక్కువ. పిస్టనూ వాల్వూ ఒకదాని చోటులోకి ఒకటి వంతులవారీగా వచ్చిపోతుంటాయి. కోలాటంలో కర్రల్లాగా అన్నమాట. తాళం తప్పితే కర్ర వేళ్లకు తగులుతుంది.

క్రాంకుకు 20 పళ్లుంటే, గొలుసు ఒక్క పన్ను జారినప్పుడు 360ని 20తో భాగించగా వచ్చే 18 డిగ్రీల తేడా వస్తుంది. ఇంజను పట్టు తగ్గుతుంది, పొగ వస్తుంది. రెండు మూడు పళ్లు జారినా, గొలుసు తెగినా పిస్టను వెళ్లి వాల్వును కొడుతుంది.

షెడ్డులో మేస్త్రీగారు మాకు ఒక పాత వాల్వును చూపించారు. వేరే బండిలోది. కాడ గాలంలా వంగిపోయి ఉంది. “ఆ బండాయన కూడా వచ్చే నెల చూద్దామనే అన్నాడు. తరవాత ఎనిమిది వాల్వులూ మార్చాం, పిస్టను ఒకటి పగిలింది. చైను మార్చే ఖర్చుకు అయిదింతలైంది” అన్నారాయన. ఆ వాల్వు మా పిల్లల చేతుల్లో ఒకరి నుంచి ఒకరికి తిరిగింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

గొలుసు సాగుతుందా?

“చైను సాగిపోయింది” అని షెడ్డుల్లో అంటుంటారు. నిజానికి ఉక్కు రబ్బరులా సాగదు. మరి గొలుసు పొడవు ఎలా పెరుగుతుంది?

గొలుసును దగ్గరగా చూడండి. రెండు రేకులను కలుపుతూ ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను చుట్టూ చిన్న గొట్టంలాంటి బుష్షు ఉంటుంది. గొలుసు చక్రం మీదికి ఎక్కేటప్పుడు ప్రతి కీలు వంగుతుంది, దిగేటప్పుడు మళ్లీ తిన్నగా అవుతుంది. వంగినప్పుడల్లా పిన్ను బుష్షులో రాసుకుంటుంది. రాసుకున్నప్పుడల్లా కంటికి కనబడనంత అరుగుతుంది.

ఎన్నిసార్లు వంగుతుందో లెక్క కడదామా? గొలుసులో 100 లింకులున్నాయనీ, ఒక్కొక్క లింకు పొడవు 8 మిల్లీమీటర్లనీ అనుకుందాం. క్రాంకు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు. చుట్టుకు 20 లింకుల వంతున సెకనుకు 1000 లింకులు పరుగెడతాయి. అంటే సెకనుకు 8 మీటర్లు, గంటకు సుమారు 29 కిలోమీటర్లు! మీరు ఎంత గట్టిగా సైకిలు తొక్కినా అందుకోవడం కష్టం. మొత్తం గొలుసు సెకనుకు పదిసార్లు చుట్టివస్తుంది. చుట్టుకు ప్రతి కీలు రెండు చక్రాల దగ్గరా ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, మొత్తం నాలుగుసార్లు కదులుతుంది. సెకనుకు 40 సార్లు, గంటకు 1,44,000 సార్లు!

ఇన్నిసార్లు రాసుకున్నా వెంటనే అరిగిపోకుండా కాపాడేవి రెండు. ఒకటి, ఉక్కును గట్టిపరిచే విద్య. పిన్ను పైపొరను చాలా గట్టిగా చేసి, లోపలిభాగాన్ని విరగకుండా ఓర్చుకునేలా ఉంచుతారు. రెండోది నూనె. పిన్నుకూ బుష్షుకూ మధ్య పలచని నూనె పొర ఉంటే ఉక్కు ఉక్కును నేరుగా తాకదు. ఆ నూనె మాసిపోతే కథ తిరగబడుతుంది. డీజిలు మండినప్పుడు పుట్టే మసి నూనెలో కలుస్తుంది. అది ఎక్కువైతే గరుకుకాగితంలా పనిచేస్తుంది. కాపాడవలసిన నూనే అరగదీస్తుందన్నమాట.

సముద్రం పక్కన ఉండే మనం ఇంకొక సంగతి కూడా గమనించాలి. రుషికొండలో సైకిలు గొలుసు ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది. ఇంజనులో గొలుసుకు ఆ బాధ లేదు. అది మూతల వెనక నూనెలో తడుస్తూ ఉంటుంది. దాని శత్రువు బయటి గాలి కాదు, లోపలి మురికి.

మోత ఎందుకు ఆగింది?

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. గొలుసు వదులు కాకుండా ఉండటానికి దాని ఒక పక్కన టెన్షనరు అనే సాధనం ఉంటుంది. ఒక చిన్న దండం వంపు తిరిగిన గైడును నొక్కుతుంది, ఆ గైడు గొలుసును నొక్కుతుంది. చాలా ఇంజనులలో ఈ దండాన్ని ముందుకు తోసేవి స్ప్రింగూ, ఇంజను నూనె పీడనమూ. రాత్రంతా బండి ఆగి ఉంటే టెన్షనరులోని నూనె కొంత కిందికి జారిపోతుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే నూనె పంపు తిరిగి పీడనం అందేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోగా వదులుగా ఉన్న గొలుసు అటూ ఇటూ ఊగి మూతకు కొట్టుకుంటుంది. అదే గలగల. నూనె అందగానే దండం బిగుస్తుంది, మోత ఆగుతుంది. వేడి కాదు, నూనె పీడనం! కుర్రవాడి ముఖం వెలిగింది.

“అయితే ఆగిపోతోంది గదా మాస్టారూ, ఇంకేటి భయం?” అన్నాడు వాళ్ల నాన్న. ఆయన ఆలోచన తీసిపారేయదగింది కాదు. అప్పటికి ఏప్రిల్ మొదటివారం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఆ ఏర్పాటు. బోట్లు ఆగితే ట్రక్కూ ఖాళీయే. “పదిరోజులు ఓపిక పడితే ఆ తరవాత తీరుబడిగా మార్పించుకోవచ్చు. ఈ పదిరోజుల కిరాయి పోతే వాయిదా ఎలా కట్టేది?” అన్నది ఆయన ప్రశ్న.

ఆగవచ్చా, ఆగకూడదా? అభిప్రాయాలతో తేలే సంగతి కాదిది. కొలవాలి.

సుద్దముక్కతో పరీక్ష

మేస్త్రీగారు ఇంజను ఆపి, పైమూత విప్పారు. క్యాం షాఫ్టు కనబడింది. క్రాంకు ముందు కప్పీమీదా, దాని పక్కన ఇంజను మీదా ఒకదానికొకటి ఎదురుగా సుద్దముక్కతో గీతలు గీయించారు. పానాతో క్రాంకును తిరిగే దిక్కున కొంచెం తిప్పి ఆపారు. తరవాత మెల్లగా వెనక్కు తిప్పడం మొదలుపెట్టారు. “క్యాం కదలగానే చెప్పండి” అన్నారు. పిల్లలు కన్నార్పకుండా చూశారు. క్రాంకు తిరుగుతోంది, క్యాం కదలడం లేదు. కొంత దూరం పోయాక క్యాం కదిలింది. “ఆపండి!” అని అరిచారు ముగ్గురూ.

కప్పీ అంచుమీద ఆ మధ్యదూరం కొలిచాం. 11 మిల్లీమీటర్లు. కప్పీ అడ్డుకొలత 14 సెంటీమీటర్లు. చుట్టుకొలత ఎంత? 22/7తో గుణిస్తే 44 సెంటీమీటర్లు, అంటే 440 మిల్లీమీటర్లు. 440లో 11 అంటే చుట్టులో నలభయ్యో వంతు, 9 డిగ్రీలు. ఒక పన్నుకు 18 డిగ్రీలని ముందే చూశాం. అంటే వదులు అప్పటికే అర పన్నుకు చేరింది!

“ఇదివరకు పొద్దున్న మాత్రమే వినబడేది. ఇప్పుడు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కూడా వినబడతాది గదా?” అని మేస్త్రీగారు అడిగారు. ఆయన ఒక్కక్షణం ఆగి అవునన్నాడు. అంటే నూనె పీడనం ఉన్నా టెన్షనరు వదులును సర్దలేకపోతోంది. దాని దండం పొడవు అయిపోయింది. ఎండాడ ఎత్తు ఎక్కేటప్పుడు బండి మునుపటిలా లాగడం లేదని కూడా అప్పుడే బయటపడింది.

తండ్రి కొడుకు చేతిలోని వంగిన వాల్వు వైపు చూశాడు. “విప్పండి” అన్నాడు.

మార్చడం ఎలా?

ఇది పిల్లలు చేసే పని కాదు. తెలిసినవాళ్లు చేస్తుంటే దూరంగా నిలబడి చూడవలసిన పని. ఏ అడుగు ఎందుకో తెలుసుకుంటే చాలు.

ముందుగా బ్యాటరీ తీగ తీశారు. పని మధ్యలో ఎవరైనా పొరపాటున స్టార్టరు తిప్పితే చేతులు పోతాయి. నూనే, రేడియేటరు నీళ్లూ దింపారు. ఫ్యాను బెల్టు తీశారు. తరవాత మొదటి సిలిండరు పిస్టనును పైకొసకు తెచ్చి ఆపారు. చక్రాల మీదా, ఇంజను మీదా కంపెనీవాళ్లు వేసిన గుర్తులు ఉంటాయి. పిస్టను పైకొసన ఉన్నప్పుడే అవి ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. గొలుసు తీసేలోగానే ఈ గుర్తులు కలపాలి. తీశాక క్రాంకునూ క్యామునూ కలిపే బంధం ఉండదు, ఇష్టం వచ్చినట్టు తిప్పితే పిస్టను వాల్వును తాకుతుంది.

తరవాత క్రాంకు కప్పీ, ముందుమూత తీశారు. గొలుసు బయటపడింది. టెన్షనరు దండం కొసదాకా బయటికి వచ్చి ఉంది. ప్లాస్టిక్కు గైడుమీద గొలుసు లోతైన గాడి కోసింది, ఒక మూల ముక్క విరిగి అడుగున పడి ఉంది.

పాత గొలుసునూ కొత్త గొలుసునూ ఒకే మేకుకు పక్కపక్కన తగిలించాం. పాతది 4 మిల్లీమీటర్లు కిందికి దిగింది. మొత్తం పొడవులో తేడా 4 మిల్లీమీటర్లేనా? కాదు! గొలుసు రెండు పేటలుగా వేలాడుతోంది, కనుక తేడా 8 మిల్లీమీటర్లు. 100 లింకులకు 8 మిల్లీమీటర్లంటే కీలుకు 0.08 మిల్లీమీటరు. ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం! ఒక్కొక్క కీలు వెంట్రుకవాసి అరిగినందుకే ఇంత గొడవ.

బండి ఎత్తు ఎందుకు ఎక్కలేకపోయిందో కూడా దీనితో తేలుతుంది. క్రాంకు గొలుసును లాగే పక్కన రెండు చక్రాల మధ్య సుమారు 35 లింకులుంటాయి. 35ను 0.08తో గుణిస్తే 2.8 మిల్లీమీటర్లు. క్యాం చక్రం చుట్టుకొలత 40 లింకులు, అంటే 320 మిల్లీమీటర్లు. అందులో 2.8 అంటే సుమారు 3 డిగ్రీలు. క్రాంకు లెక్కలో అది 6 డిగ్రీలు. వాల్వులన్నీ అంత ఆలస్యంగా తెరుచుకుని, అంత ఆలస్యంగా మూసుకుంటున్నాయి. పెద్దవలలో ఒక జట్టు వెనకబడటం అంటే ఇదే.

గొలుసు ఒక్కటే మార్చి ఊరుకోలేదు. రెండు పళ్లచక్రాలూ, గైడులూ, టెన్షనరూ కూడా మార్చారు. ఎందుకంటే పాత గొలుసుతోపాటు పళ్లు కూడా అరిగి కొక్కెంలా తయారవుతాయి. వాటిమీద కొత్త గొలుసు వేస్తే అది కూడా తొందరగా పాడవుతుంది. ముందుమూతలోని నూనె సీలునూ కొత్తది వేశారు.

కొత్త గొలుసులో కొన్ని లింకులకు రంగు వేసి ఉంది. ఆ రంగు లింకులను చక్రాలమీది గుర్తులకు సరిగ్గా ఎదురుగా ఉంచి గొలుసు తొడిగారు. లాగే పక్క బిగుతుగా ఉంచి, వదులంతా టెన్షనరు పక్కకు తెచ్చారు. చివరగా టెన్షనరును అణచి ఉంచిన పిన్ను లాగేశారు. దండం టక్కున ముందుకు వచ్చి గొలుసును బిగించింది.

ఇంక స్టార్టు చేయడమేనా? కాదు. మేస్త్రీగారు పానా పట్టుకుని క్రాంకును చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పారు. రెండే ఎందుకు? ఇంజను నాలుగు పనులూ రెండు చుట్లలో పూర్తవుతాయి గనుక. ఎక్కడైనా వాల్వు తగిలేట్టుంటే చేతికి అడ్డు తెలుస్తుంది, ఆపవచ్చు. మోటారుతో తిప్పితే అడ్డు తెలిసేలోగా వాల్వు వంగిపోతుంది. రెండు చుట్లయ్యాక చక్రాల గుర్తులు మళ్లీ సరిగ్గా కలిశాయి.

అయితే కుర్రవాడు కంగారుగా, “మాస్టారూ, రంగు లింకులు గుర్తుల దగ్గర లేవు!” అన్నాడు. మేస్త్రీగారు నవ్వారు. పొరపాటేమీ జరగలేదు. ఎందుచేతనో మీరే ఆలోచించండి. సమాధానం చివర చెబుతాను.

మూతలు బిగించి, కొత్త నూనె, కొత్త ఫిల్టరు వేసి, నీళ్లు నింపి స్టార్టు చేశారు. మొదటి రెండు మూడు సెకన్లు టెన్షనరులోకి నూనె చేరేదాకా చిన్న చప్పుడు వచ్చింది. తరవాత ఒకే ధారగా ఇంజను శబ్దం. ఆ బండికి రెండు రోజుల కిరాయి పోయింది. మూడోరోజు తెల్లవారుజామున మళ్లీ హార్బరుకు పోయింది. వేట నిషేధం మొదలయ్యేదాకా ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఎవరు కనిపెట్టారు?

గొలుసుతో చక్రాలను తిప్పడం చాలా పాత ఆలోచన. 11వ శతాబ్దం చివర చైనాలో సూ సాంగ్ అనే పండితుడు కట్టించిన నీటి గడియారపు గోపురంలోనే గొలుసుతో శక్తిని అందించే ఏర్పాటు ఉంది. కాని పాత గొలుసులలో రేకుల అంచులే పిన్నును రాసుకునేవి. సన్నటి అంచుమీద బలమంతా పడటంతో అవి తొందరగా అరిగేవి.

స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో ఒక చిన్న మార్పు చేశాడు. పిన్ను చుట్టూ బుష్షు, దానిపైన తిరిగే రోలరు పెట్టాడు. బలం ఇప్పుడు బుష్షు పొడవునా పరుచుకుంటుంది. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని మీరు చదువుకున్నారు. వైశాల్యం పెరిగింది, పీడనం తగ్గింది, అరుగుదల తగ్గింది. మీ సైకిలు గొలుసు ఆ మార్పుతో పుట్టినదే. ఇంజను గొలుసులూ ఆ వంశానివే.

మీ సైకిలుతో మీరే చేయండి

ఒక అడుగు స్కేలు తీసుకోండి. సైకిలు గొలుసులో ఒక పిన్ను మధ్యభాగం దగ్గర స్కేలు సున్నా ఉంచి, గొలుసును బిగుతుగా పట్టుకుని, 24 లింకులు లెక్కించండి. సైకిలు గొలుసులో లింకు పొడవు అర అంగుళం. కనుక కొత్త గొలుసులో 24వ పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. 12 అంగుళాలు దాటి ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువ వచ్చిందా? అరుగుదల నూటికి ఒకటి దాటింది. గొలుసు మార్చవలసిన వేళ వచ్చింది. మనం చూసిన ట్రక్కు గొలుసు కూడా 800కు 8, అంటే నూటికి ఒకటే అరిగింది!

కొలిచేటప్పుడు సైకిలును స్టాండు మీద నిలబెట్టి, పెడలు తిరగకుండా చూసుకోండి. వేళ్లు పళ్లచక్రం దగ్గర పెట్టకండి.

రంగు లింకుల చిక్కుప్రశ్న

క్రాంకు రెండు చుట్లు తిరిగితే 40 లింకులు ముందుకు జరుగుతాయి. గొలుసులో 100 లింకులున్నాయి. కనుక చక్రాలు తమ చోటికి వచ్చినా రంగు లింకులు 40 లింకుల దూరం వెళ్లిపోయి ఉంటాయి. అన్నీ మళ్లీ ఒకచోట కలవాలంటే 40కీ, 100కీ కనిష్ఠ సామాన్య గుణిజం కావాలి. అది 200. అంటే క్రాంకు 10 చుట్లు తిరగాలి. లెక్కల పుస్తకంలో మీరు విసుగ్గా చేసే క.సా.గు. ఇంజను షెడ్డులో ఒకరి కంగారు తీర్చింది చూశారా!

ఆ కుర్రవాడు ఇప్పుడు ప్రతిరోజూ పొద్దున్న బండి స్టార్టు అయ్యేటప్పుడు పక్కన నిలబడి చెవి ఒగ్గుతున్నాడు. నూనె మార్చిన తేదీ, కిలోమీటర్ల అంకె ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాడు. మొన్న మళ్లీ ఒక ప్రశ్న తెచ్చాడు: “మాస్టారూ, రబ్బరు బెల్టు ఉన్న ఇంజనయితే ఇలా ముందుగా గలగలమంటాదా?”

అనదు. బెల్టు చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండానే తెగిపోతుంది. అందుకే దాన్ని ఇన్ని కిలోమీటర్లకని లెక్కపెట్టి, బాగున్నట్టు కనబడినా మార్చేస్తారు. గొలుసు మాత్రం ముందుగా చెబుతుంది. వినడం మన వంతు.